దండ పడిన సన్మానం ఫొటో

హైమ పెరట్లో కుళాయి దగ్గర నోట్లో బ్రష్షు పెట్టుకుని, బకెట్లో నీళ్ళ మీద పడ్డ ఎండ గోడ మీదకెక్కి ఎలా వణుకుతోందో చూస్తోంది. ఫోన్‌లో తీద్దామా అనుకునేంతలో హాల్లోంచి కేక వినబడింది.

"హైమా!"

అది హైస్కూలు హెడ్మాస్టరు కేక. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది గానీ కేకకి ఇంకా రిటైర్మెంటు రాలేదు. హైమ నోట్లో ఉన్న నురగ మింగేసింది.

జరిగిందేమిటంటే, హైమ పెదనాన్న లక్ష్మీనరసింహం గారు తన చావు కబురు తనే చదువుకున్నారు. పడకకుర్చీలో కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, రిటైర్డు మాస్టర్ల గ్రూపులో ఎవరో దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పెట్టారు. ఎవరు పోయారో పాపం అనుకుని ఆయనా ఓ దణ్ణం బొమ్మ పెట్టేశారు. ఆ తర్వాత పైకి జరిపి చూసుకుంటే పోయింది తనే. "కఠినులైనా క్రమశిక్షణ గల మనిషి, ఓం శాంతి" అని ఒకాయన రాశాడు. స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి పక్క కుర్చీలో కూర్చున్న డ్రిల్లు మాస్టారు పల్లంరాజు గారైతే బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకున్నారు. అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది ఆయనకి.

కింద ఓ వీడియో ఉంది. నొక్కితే తన హాలే కనబడింది, తన గోడే. గోడ మీద తన సన్మానం ఫొటో. రిటైరైన రోజున శాలువా కప్పి, మెళ్ళో దండ వేసి, చేతికి యాపిల్ పండిచ్చి తీసిన ఫొటో అది. లోపల దండ ఎలాగూ ఉంది. ఇప్పుడు అద్దం పైన ఇంకో బంతిపూల దండ వేలాడుతోంది. నుదుటి దగ్గర కుంకం బొట్టు. పక్కన ఎర్ర బల్బు. ఫొటో ముందు ఎవరో పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీస్తోంది: "బతికున్నన్నాళ్ళూ గ్లాసుడు మంచినీళ్ళు మీ అంతట మీరు ముంచుకున్నారా? పోయాక కూడా దీపంలో నూనె నేనే పొయ్యాలి."

హైమ వచ్చి నిలబడింది.

"ఇదేంటి?"

"టీజరు, పెదనాన్నా."

"టీజరో గీజరో! నేనెప్పుడు పోయానే?"

అంతలో హైమ దొడ్డమ్మ ఫోన్ మోగింది. వంటింట్లోంచి ఆవిడ వచ్చేలోపే ఆయన అందుకున్నారు. స్పీకరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది ఆ ఇంట్లో.

"అమ్మగారున్నారాండీ? ఎంత పని జరిగిందండీ! మొన్ననే కదండీ, రైతు బజార్లో దొండకాయల దగ్గర ఆ కుర్రాడితో దెబ్బలాడుతున్నారు పాపం. పదో రోజు ఎప్పుడండీ?"

"ఎవరు మాట్లాడేది?"

"మీరెవరండీ?"

"పోయినవాణ్ణి!"

అటు వైపు గుటక వేసిన చప్పుడు, ఆ వెంటనే ఫోన్ పెట్టేసిన చప్పుడు.

హైమది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. నాన్న ఉదయ్‌భాస్కర్ లెక్కల మాస్టారు. కూతురు సినిమా చదువు చదువుతానంటే ఆయన వారం పాటు మాట్లాడలేదు. చివరికి, అదీ డిగ్రీయేనని ఎవరో నచ్చజెబితే, ఒక్క మెలిక పెట్టి ఒప్పుకున్నాడు: ఆఖరి సంవత్సరం తీసే సినిమా పాసవ్వాలి, కాకపోతే నోరు మూసుకుని బీఈడీ. అలా రాజమండ్రిలో ఓ ప్రైవేటు కాలేజీలో ఫిల్మ్ కోర్సులో చేరి, ఇన్నీసుపేటలో దొడ్డమ్మ మాణిక్యాంబ ఇంట్లో మకాం పెట్టింది.

ఆ ఇంటికి హైమ చూపు మొదటి రోజునుంచీ అర్థం కాలేదు. కొత్తగా రంగేయించిన హాలు వదిలేసి, పెచ్చులూడిన పెరటి గోడని రకరకాల వెలుగుల్లో ఫొటోలు తీసేది. "అదేం బుద్ధే! చుట్టాలు చూస్తే మాకు ఇల్లు బాగుచేయించుకునే గతి లేదనుకోరూ?" అని దొడ్డమ్మ సణిగేది. గోదావరి గట్టుకి వెళ్తే నది వైపు వీపు పెట్టి, రేవు మెట్ల మీద ఆరేసిన చీర నీడ తీసుకొచ్చేది. రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి, ఒక కన్ను మూసి ఎదురింటి కిటికీ కేసి చూస్తే, ఎదురింటావిడ ఉప్పూ మిరపకాయలతో పిల్లలకి దిష్టి తీసింది. క్లాసు పనికని ఉప్పాడ వెళ్ళి, సముద్రం సగం తినేసిన ఇంట్లో ఇంకా గోడకి వేలాడుతున్న కేలండరు తీసుకొచ్చింది. కాలేజీలో మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం పెదనాన్న అదోలా చూశారు. "పడిపోయిన ఇళ్ళూ, మాసిన గుడ్డలూ. నీ కంటికి బాగున్నది ఒక్కటీ ఆనదా?"

బాగున్నది ఒకటి ఆనింది గానీ అది ఆయనకి చెప్పేది కాదు. వంటింట్లో దొడ్డమ్మ గొణుగుడు.

మాణిక్యాంబ గారు మొగుడికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆయన మాట ఆగిన చోట "సరేనండీ" అని లోపలికెళ్ళి, మిక్సీ ఆన్ చేసి, ఆ మోత కింద అనాల్సినవన్నీ అనేసుకునేది. కూరకి తాలింపు వేసినంత లక్షణంగా, వరసగా, ఏదీ మర్చిపోకుండా. హైమ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మం పక్కన కూర్చుని వినేది. రికార్డు చెయ్యలేదు, అంత దొంగబుద్ధి లేదు. కానీ చెవులు మూసుకోనూ లేదు. ఆఖరి సంవత్సరం సినిమాకి కథ అందులోంచే పుట్టింది: మొగుడు పోయిన ఓ పెద్దావిడ రోజూ ఆయన పటం ముందు నిలబడి, బతికుండగా అనలేనివన్నీ అంటుంది. కాలేజీలో సారు స్క్రిప్టు చదివి, "బాగుంది గానీ, ఇంత కోపం నీకెక్కడిదమ్మా?" అన్నాడు.

కార్తీక సోమవారం పెద్దవాళ్ళిద్దరూ ద్రాక్షారామం వెళ్ళారు. ఆ ఒక్క రోజూ హాలు హైమదే. తణుకు నుంచి వచ్చి తన క్లాసులోనే చదువుతున్న శ్యాంబాబు కెమెరా పట్టుకొచ్చాడు. పరిషత్తు నాటకాల్లో వేసి వేసి పండిపోయిన పాపాయి గారు పెద్దావిడ వేషానికి వచ్చింది. రానిదల్లా చనిపోయినాయన ఫొటో. ఎవరో ఊరూపేరూ లేని ఆయన పటం ఒకటి పాత సామాన్ల కొట్లో సంపాదించాడు శ్యాంబాబు. దాన్ని ఆటోలో తనే ఎక్కి తొక్కి ముక్కలు చేశాడు.

హైమ చూపు గోడ మీదున్న సన్మానం ఫొటో మీదకి వెళ్ళింది.

"తప్పమ్మా," అంది పాపాయి గారు. "బతికున్నాయనకి బొట్టు పెట్టకూడదు."

"వెనకాల ఎక్కడో మసగ్గా కనబడుతుందంతేనండి. మొహం తెలీదు."

పాపాయి గారు చెంపలేసుకుని, పటానికి దిష్టి తీసి, ఆ తర్వాతే దండ వేసింది. హైమ పటాన్ని మసగ్గానే ఉంచమంది. కానీ శ్యాంబాబుకి ఆ రోజు చెయ్యి ఆగలేదు. పాపాయి గారు కళ్ళెత్తి పటం వైపు చూడగానే, ఆవిడ మొహం మీదనుంచి ఫోకస్ మెల్లిగా పటం మీదకి జరిపాడు. మీసంలో తెల్లవెంట్రుకతో సహా పెదనాన్న తేటతెల్లమయ్యారు. చూసుకుంటే అంత బాగా కుదిరిన షాటు వాళ్ళిద్దరూ ఎన్నడూ తియ్యలేదు. దాన్ని తీసిపారేసే ధైర్యం హైమకి చాలలేదు. ఇక చివరి సీను ఒక్కటీ మిగిలిందనగా వెలుతురు పోయింది. దండ తీసి, బొట్టు తుడిచి, అంతా సర్దేశారు. టీజరు కాలేజీ పేజీలో పెట్టిన మహానుభావుడు కూడా శ్యాంబాబే.

తన చావు కబురు చదువుకున్న రోజు సాయంత్రానికే పెదనాన్న సన్మానం ఫొటో గోడ మీదనుంచి దింపి బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు.

"కెమెరా ఈ గడప లోపలికొస్తే నువ్వు గడప బయటికెళ్తావు," అన్నారు. "విన్నావా?"

"తప్పయిపోయింది పెదనాన్నా. వీడియో పేజీలోంచి తీసేయించాను. ఆ షాట్లో మీ మొహం తెలీకుండా చేసేస్తాను. కానీ చివరి సీను ఈ హాల్లోనే తియ్యాలి. సినిమా అంతా ఇక్కడే తీసి చివర్లో గోడ మారితే పాస్ చెయ్యరు."

"చెయ్యకపోతే బీఈడీ చెయ్యి. చాక్‌పీసు పట్టుకుంటే నీకూ కాస్త భయం తెలుస్తుంది."

శ్యాంబాబు తప్పు తనదేనని ఒప్పుకోవడానికి వచ్చి, ఉన్నదీ చెడగొట్టాడు. "మీ ఫేసు అద్భుతంగా వచ్చిందండి మాస్టారూ. ఎవరూ అనుమానపడలేదండి. అచ్చం పోయినవాళ్ళ ఫేసేనండి."

పెదనాన్న వాడికి వీధి తలుపు చూపించారు.

ఆ తర్వాత ఆయన హైమని పిలిచి ఎదురుగా నిలబెట్టారు. అల్లరి పిల్లల్ని నిలబెట్టినట్టే. "ఫొటో సంగతి అలా ఉంచు. ఆ ముసలావిడ మాటలు ఎవరు రాశారు?"

"నేనే."

"మంచినీళ్ళు ముంచుకోలేదని ఎవరు చెప్పారు?"

వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. పచ్చడి ఇంకా నలగలేదని హైమకి తెలుసు.

"ఎవరూ చెప్పలేదు. ఊహించి రాశాను."

"పెళ్ళికాని పిల్లకి ఇన్ని ఊహలెక్కడివి?" అన్నారాయన, వంటింటి వైపు చూస్తూ.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో అన్నం కూడా గరుగ్గా ఉన్నట్టు ఉండేది. హైమ పళ్ళెం ముందు కూర్చుంటే ఆయన లేచిపోయేవారు. ఫోన్లో నాన్న బీఈడీ ఎంట్రన్స్ ఊసెత్తేవాడు. ఎవరైనా పలకరించడానికొస్తే పెదనాన్న అరుగు మీదే ఆపి, "దాని పుణ్యమా అని ఇదిగో, పరలోకం నుంచి మాట్లాడుతున్నా" అనేవారు. వీధిలో పాలవాడు సైతం ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగి, తర్వాతే నమస్కారం పెట్టేవాడు. ఆ ఒక్క క్షణానికి కోపం మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది.

చివరికి నోరు విప్పింది దొడ్డమ్మే. చారు వడ్డిస్తూ, తల వంచుకునే అంది.

"ఆ ఆఖరి సీను తీసుకోనివ్వండి దాన్ని."

"ఏం? కర్మకాండ కూడా చూపించాలా?"

"పోయినట్టు ఊరంతా చూశారు. సగంలో ఆపేస్తే పోయినట్టే ఉండిపోతుంది. కథ పూర్తయితే కథ అని తెలుస్తుంది."

లక్ష్మీనరసింహం గారు ముద్ద కలపడం ఆపి ఆలోచించారు. అందులో ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరకని మాట పెళ్ళాం నోట రావడం ఆయనకి అలవాటు లేదు. "ఫొటో బయటికి రాదు," అన్నారు. "దండా, దీపం, పూరేకు కూడా కనబడకూడదు. తీసినంతసేపూ నేనిక్కడే కూర్చుంటాను. కెమెరా అటు తిప్పితే కాళ్ళు విరగ్గొడతాను. కెమెరా కాళ్ళు."

ఫొటో లేకుండా ఫొటోతో పోట్లాట ఎలా? హైమ ఖాళీ గోడ ముందు నిలబడి వేళ్ళతో చట్రం కట్టింది. అప్పుడు కనబడింది. ఇంటికి రంగేసినప్పుడు, తన ఫొటో ముట్టుకోవద్దని పెదనాన్న పెయింటర్లని కేకలేశారు. వాళ్ళు ఫొటో చుట్టూ వేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు మీగడ రంగు గోడ మధ్యలో, ఫొటో కొలతకి సరిగ్గా, పాత ఆకుపచ్చ రంగు పలక మిగిలిపోయింది. మనిషి లేడు గానీ మనిషి ఉన్న చోటు అలాగే ఉంది. ఇంతకన్నా మంచి పటం ఎక్కడ దొరుకుతుంది? సీను అక్కడికక్కడే మార్చేసింది: పెద్దావిడ పొద్దున్నే పోట్లాటకి వచ్చేసరికి పటం ఉండదు. ఆవిడ ఆ ఆకుపచ్చతోనే పోట్లాడుతుంది.

ఒక మాట దగ్గర మాత్రం హైమ చెయ్యి ఆగింది. టీజర్లో లేని మాట అది. ఓసారి మిక్సీ మోత కింద విన్నది. తీసే రోజున పెదనాన్న కెమెరా వెనక పడకకుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. కొట్టేద్దామా అనుకుంది. పాపాయి గారు ఆ మాటే నెమరేసుకుంటూ, అప్పటికే కళ్ళు చెమర్చి నిలబడి ఉంది. హైమ కొట్టెయ్యలేదు.

"స్టార్ట్," అంది.

పాపాయి గారు వచ్చింది, ఆకుపచ్చ పలక చూసింది. "ఏరీ? ఎక్కడికెళ్ళారు? నేనింకా పూర్తి చెయ్యలేదు," అంది. ఉప్పు గురించి అంది, ఊరెళ్ళనివ్వని వేసవుల గురించి అంది. పెదనాన్న కుర్చీ ఓసారి కిర్రుమంది. అప్పుడావిడ గోడకి దగ్గరగా వెళ్ళి, గొంతు తగ్గించింది.

"మా అమ్మ పోయిందని కబురొచ్చి బయల్దేరుతుంటే ఏమన్నారో గుర్తుందా? 'రాత్రి భోజనాల వేళకి వచ్చేస్తావుగా' అన్నారు."

"అబద్ధం!" అన్నారు పెదనాన్న, కుర్చీలోంచి. "నేననలేదు!"

శ్యాంబాబు వెనక్కి తిరగబోయి ఆగాడు. పాపాయి గారు కదల్లేదు. ఎన్ని స్టేజీల మీద ఎన్ని కరెంటు కోతలు చూసిన మనిషి! చూపు ఆకుపచ్చ మీదనుంచి తిప్పకుండా అలాగే నిలబడింది.

వంటింటి గుమ్మం దగ్గరనుంచి చిన్న గొంతు వినబడింది. ఈసారి మిక్సీ లేదు.

"అన్నారు."

హాల్లో ఫ్యాను ఆపేసి ఉంది కనుక వీధిలో సైకిలు బెల్లు కూడా వినబడింది. పాపాయి గారు మెల్లిగా గోడకి చేరబడి కింద కూర్చుంది. హైమ 'కట్' అనలేదు. పెదనాన్న లేచి, ఉత్తరీయం కుర్చీలోనే వదిలేసి బయటికెళ్ళిపోయారు. వీధి తలుపు చప్పుడయ్యాకే ఆ మాట అంది.

శ్యాంబాబు హెడ్‌ఫోన్స్ తీసి గుసగుసగా అన్నాడు. "రెండు గొంతులూ పడ్డాయి. అద్దంలా ఉన్నాయి."

హైమ వంటింట్లోకి వెళ్ళింది. ఈసారి అడక్కుండా ఏదీ వాడుకోదల్చుకోలేదు. "దొడ్డమ్మా, నీ మాట పడింది. తీసెయ్యమంటే తీసేస్తాను. గోడ ఉంది, పాపాయి గారున్నారు, మళ్ళీ తీసుకుంటాం."

దొడ్డమ్మ వంకాయలు తరుగుతోంది. "నా గొంతు ఎలా ఉంది?"

"బాగుంది."

"అయితే ఉండనీ."

పెదనాన్న దీపాలు పెట్టే వేళకి వచ్చారు. ఏదీ, వినిపించమన్నారు. విన్నారు. మొహం ముడుచుకునే ఉంది. "నా గొంతు ఇంత బొంగురుగా ఉంటుందా?" అన్నారు. ఎవరూ కాదనలేదు. "సరే, ఉంచుకుని ఏడువు. కానీ పేరు వెయ్యాలి. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. పక్కన 'సజీవులు' అని రాయాలి. పెద్దక్షరాల్లో."

"అలాగే పెదనాన్నా."

"ఆ తర్వాత వచ్చే మాట తీసెయ్."

"అది దొడ్డమ్మది పెదనాన్నా. తీసెయ్యాలంటే ఆవిడ్ని అడగాలి. మీరే అడగండి."

ఆయన వంటింటి వైపు చూశారు. వంకాయలు వేగుతున్న చప్పుడు వస్తోంది. చాలాసేపు చూశారు గానీ, అడగలేదు.

కాలేజీలో సినిమా వేసిన రోజున ఆయన ముందు వరసలో కూర్చున్నారు, ఎవరైనా మళ్ళీ చంపుతారేమోనని కాపలా వచ్చినట్టు. పల్లంరాజు గారు కూడా వచ్చి పక్కనే కూర్చున్నారు. "మీరుంటారనుకోలేదండి" అనబోయి, సగంలో దగ్గుగా మార్చుకున్నారు. తెర మీద "అబద్ధం!" అని వినబడగానే హాలంతా నవ్వింది. "అన్నారు" అనగానే ఆ నవ్వు ఠక్కున తెగిపోయింది. చివర్లో పేర్లు వచ్చేటప్పుడు 'సజీవులు' చూసి మళ్ళీ నవ్వారు. పెదనాన్న మాత్రం రెండు సార్లూ నవ్వలేదు. పరీక్షకులు, చివర్లో బయటి శబ్దం పడిందేమిటి, పొరపాటా అని హైమని నిలదీశారు. కాదండి, అదే సినిమా అంది. ఒకాయన మూతి విరిచి, ఒకావిడ కళ్ళు తుడుచుకుని, కష్టమ్మీద పాస్ చేశారు. ఫోన్లో ఆ మాట విని నాన్న, "సరే అయితే" అని పెట్టేశాడు. బీఈడీ పేరెత్తలేదు.

ఇంటికొచ్చాక పెదనాన్న ఉత్తరీయం విసిరేసి కుర్చీలో కూలబడ్డారు. హైమ వైపు చూడలేదు. అలవాటుగా వంటింటి వైపు కేకేశారు.

"మంచినీళ్ళు!"

దొడ్డమ్మ పట్టుచీర మార్చుకోకుండానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గొంతులో ఎప్పటి మర్యాదే ఉంది.

"బిందె ఇక్కడే ఉందండీ."

పెదనాన్న కుర్చీ చేతులు పట్టుకుని ఆవిణ్ణి అలాగే చూస్తూ ఉండిపోయారు. లేవలేదు, మళ్ళీ పిలవనూ లేదు. వంటింటి కిటికీలోంచి పడ్డ వెలుగు ఇద్దరి మధ్యా గచ్చు మీద పొడుగ్గా పరుచుకుంది. హైమ చెయ్యి తనకి తెలియకుండానే కెమెరా సంచీ వైపు వెళ్ళింది.

దొడ్డమ్మ కళ్ళతోనే వద్దంది. హైమ జిప్పు మూసేసింది.